మన ఎండకు ఏ టైరు?

(జనవరి రోడ్డు భద్రతా మాసంలో అనంతపురంలోని ఒక కాలేజీలో, విద్యార్థులనూ డెలివరీ పని చేసే యువకులనూ ఉద్దేశించి ఒక టైర్ల వ్యాపారి చేసిన ప్రసంగం. మాటలు దాదాపు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ సారు "రోడ్డు భద్రత మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. హెల్మెట్ గురించి పొద్దున్నుంచీ పోలీసు సార్లు చెప్పారు, రవాణా శాఖ సార్లు చెప్పారు. నేనింక దాని జోలికి పోను. నాకు తెలిసింది టైరు ఒకటే. అది కూడా అమ్మేవాణ్ణి. కాబట్టి నా మాట కొంచెం అనుమానంగానే వినండి. (నవ్వులు) అంగడివాడి మాట మీద ఆధారపడకుండా, టైరు మీద రాసింది మీరే చదువుకుని కొనుక్కోవడం ఎట్లాగో చెప్పి దిగిపోతా.

మన దగ్గర టైరు రెండు రకాలుగా పోతుంది. రోజంతా తిరిగే డెలివరీ పిల్లలవి, పాలబండ్లవాళ్ళవి అరిగి పోతాయి. ఇంటి నుంచి టవర్ క్లాక్, టవర్ క్లాక్ నుంచి ఇల్లు, మధ్యలో ఒక టీ, ఇట్లా తిరిగే మనందరివీ ఎండి పోతాయి. రోడ్డుకు తాకే భాగంలో ఉండే గాట్లు నిక్షేపంగా ఉంటాయి. పక్కకు వంగి చూస్తే వెంట్రుకంత సన్న పగుళ్ళు, రిమ్ము చుట్టూ వరసగా. "ఇంకా గ్రిప్ ఉండాది కదన్నా, అప్పుడే ఎందుకు మార్చాల?" అంటారు. గాట్లు ఉన్నాయి నాయనా, రబ్బరులోనే పస లేదు. అది రోడ్డును పట్టుకోదు.

అందుకని కొత్త టైరు కొనేటప్పుడు మీరు మొదట చూడాల్సింది కంపెనీ పేరు కాదు, ధర కాదు. పుట్టిన తేదీ. టైరు పక్కన, కొన్నిటికి డీఓటీ అని మొదలయ్యే అక్షరాల చివర, కొన్నిటికి విడిగా ఒక చిన్న గుడ్డు ఆకారం గీతలో, నాలుగంకెలు ఉంటాయి. 1425 అని ఉందనుకోండి. 2025లో 14వ వారం, అంటే ఏప్రిల్ మొదట్లో తయారైందని. ముందు రెండంకెలు వారం, తర్వాత రెండు సంవత్సరం. ఒక పక్క కనపడకపోతే రెండో పక్క చూడండి, ఒక్కోసారి ఒక వైపే వేస్తారు. ఏడాది లోపుదైతే నిశ్చింతగా తీసుకోండి. రెండేళ్ళదైతే గోదాములో చీకట్లో ఉన్నదా, బయట ఎండలో ఉన్నదా అని అడగండి. అంతకు పాతదైతే, "రేటు తగ్గిస్తాలే" అన్నా సరే, వద్దనండి. తగ్గించే ఆ రెండు మూడు వందలూ మీ టైరు ఆయుష్షులో నుంచి తీసి ఇస్తున్నవే.

అంగళ్ళ ముందర గొలుసుకు వేలాడదీసిన టైర్లు చూసుంటారు. బోర్డు బదులు అవి. పొద్దున తొమ్మిదికి తగిలిస్తారు, రాత్రి తొమ్మిదికి దించుతారు. ఆ ఎండా, గాలిలో ఉండే ఓజోనూ రబ్బరును పగలగొడతాయి. తయారు చేసేటప్పుడే రబ్బరులో దీనికి మందుగా మైనం లాంటిది కలుపుతారు. చక్రం తిరుగుతూ రబ్బరు సాగుతూ ముడుచుకుంటూ ఉంటే ఆ మైనం పైకి వచ్చి పొరలా పట్టుకుని కాపాడుతుంది. వేలాడే టైరు తిరగదు కదా, మైనం పైకి రాదు. షెడ్డులో నెలల తరబడి నిలబెట్టిన బండికీ అదే గతి. మీ సైజు లోపల లేదనుకోండి, కొందరు ఆ వేలాడేదాన్నే దించి తుడిచి చేతిలో పెడతారు. నల్ల పాలిష్ కొడితే మెరుస్తుంది కూడా. తీసుకోవద్దు. రేపు రమ్మంటే రేపే పోండి.

ఎన్నేళ్ళు వాడొచ్చు? ఐదేళ్ళు దాటాక ఏడాదికోసారి చూపించుకోండి, పదేళ్ళు నిండితే గాట్లు ఎంతున్నా తీసేయండి అని పెద్ద కంపెనీలే చెప్తాయి. అది అన్ని దేశాలకూ కలిపి చెప్పిన మాట. మే నెలలో అనంతపురంలో ఎండ నలభై దాటుతుంది. తారురోడ్డు మధ్యాహ్నం అరవై దాటి కాలుతుంది. మనకు ఐదు, మహా అయితే ఆరు. ఇది నా లెక్క, ఏ కంపెనీదీ కాదు.

ఇప్పుడు గాలి. టైరు కొనేది చెప్తానని గాలి సంగతి చెప్తాడేమి అనుకోవద్దు. ఎంత మంచి టైరు కొన్నా దాన్ని చంపేది గాలే, బతికించేదీ గాలే. బరువు మోసేది రబ్బరు కాదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అని ఒక పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా బండిని మోస్తున్నది లోపలి గాలే. రబ్బరూ, దానిలో ఉండే నైలాన్ దారాలూ ఆ గాలిని పట్టి ఉంచడానికి ఉన్నాయి.

మన ఊళ్ళో ఎండాకాలం రాగానే ఒకటే మాట. "అన్నా, గాలి రవ్వంత తక్కువ కొట్టు, ఎండకు పేలిపోతుంది." పెట్రోలు బంకులో గాలి కొట్టే పిల్లోడు కూడా అదే చెప్తాడు. ఇది పూర్తిగా తలకిందుల మాట. వేడికి గాలి పెరిగేది నిజమే. గాలి కొలిచే కాంటా మీద ముప్పై పౌండ్లు, అంటే ముప్పై పీఎస్ఐ, చూపించే టైరు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర పౌండు పెరుగుతుంది. ముప్పై డిగ్రీలు వేడెక్కినా నాలుగైదు పౌండ్లే. ఆ పెరిగేదంతా లెక్కలో వేసుకునే కంపెనీ చల్లటి టైరుకు ఇంత గాలి అని చెప్తుంది. మంచి టైరు దానికి పేలదు. గాలి తక్కువైతే అసలు కథ మొదలవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్క భాగం నలుగుతుంది, లేస్తుంది, మళ్ళీ నలుగుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కి తెగినట్టు, లోపలి దారాలు ఒక్కొక్కటీ వేడెక్కి తెగుతాయి. గుత్తి దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత ఎక్కడో నలభై నాలుగో హైవే మీద "ఢాం". ఎండకు పేలిందంటారు.

పేలిన టైరు మా దగ్గరికి తెస్తే మేము బయట చూడం. లోపలికి చెయ్యి పెట్టి వేళ్ళతో తడుముతాం. గాలి తక్కువతో తిరిగినదైతే కాఫీపొడి అంత మెత్తగా రబ్బరు పొడి చేతికి అంటుకుంటుంది. పక్కన చుట్టూ ఒక పట్టీలాగ నల్లగా నలిగిన గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనపడితే పంచర్ వేసినా, ట్యూబు మార్చినా ఆ టైరు పనికిరాదు. పైన గాట్లు కొత్తగా ఉన్నా సరే.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూడాలి. నాలుగు కిలోమీటర్లు ఎండలో వచ్చి బంకులో చూస్తే కాంటా ఎక్కువ చూపిస్తుంది, మీరు తీయిస్తారు, తెల్లారికి తక్కువైపోతుంది. ఎంత కొట్టాలన్నది చెయిన్ కవరు మీదో, వెనక స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన స్టిక్కర్లో ఉంటుంది. ఒక్కరు పోతే ఇంత, ఇద్దరు పోతే ఇంత అని రెండంకెలు ఉంటాయి. ఆ రెండో అంకె మన జిల్లాలో చూసే వాళ్ళే లేరు.

ఇద్దరు అన్నాను కాబట్టి బరువు దగ్గరికి వద్దాం. ఇది ఎవరూ చెప్పరు. టైరు మీద సైజు ఇట్లా ఉంటుంది: 80/100-18 47పీ. ఎనభై మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పులో నూటికి నూరు ఎత్తు, పద్దెనిమిది అంగుళాల రిమ్ము. ఇంతవరకు అందరూ చదువుతారు. చివర ఉండే 47 ఏంది? అది బరువు అంకె. 47 అంటే ఆ టైరు నిండు గాలితో 175 కిలోలు మోస్తుందని. పక్కనుండే అక్షరం వేగం. పీ అంటే గంటకు 150 కిలోమీటర్లు, జే అంటే 100.

మన చుట్టూ ఎక్కువ ఉండే వందసీసీ బళ్ళకు ముందు వెనక ఒకటే సైజు వస్తుంది. అదే 80/100-18. కానీ ముందర 47, వెనక 54 వేసి పంపే బళ్ళున్నాయి. 54 అంటే 212 కిలోలు. చూడటానికి రెండూ ఒకటే. అంగట్లో 47 చేతికి దొరికితే వెనకకు అదే ఎక్కించి పంపేస్తారు. "సైజు ఒకటే కదా" అని. ఇప్పుడు లెక్క వేయండి. బండి 110 కిలోలు. నడిపేవాడు 70. వెనక ఇంటామె 60. ఇద్దరి మధ్య శనక్కాయల మూట 40. (నవ్వులు) నవ్వుతారేమి, కళ్యాణదుర్గం రోడ్డు మీద పొద్దున్నే నిలబడి చూడండి. మొత్తం 280. అందులో మూడింట రెండొంతులు వెనక చక్రం మీద పడుతుంది, 187 కిలోలు. 175 మోసే టైరు మీద 187, దాని మీద మన గుంతలు. 212 టైరైతే హాయిగా మోసుకుపోతుంది. ధరలో పెద్ద తేడా కూడా ఉండదు. కాబట్టి సైజు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. పాత టైరు మీద ఉన్న అంకె ఫోటో తీసుకుని పోండి. ఆ అంకెకు తగ్గకూడదు, పెరిగితే ఫర్వాలేదు. ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో కూడా చూడండి. అది లేకుండా మన దేశంలో టైరు అమ్మకూడదు.

ఇంక గాట్లు. "మనకు వాన యాడ పడుతుందన్నా, గాట్లతో పనేముంది?" అని ఒక పెద్దాయన అడిగాడు. పొడి రోడ్డు మీద గుండు టైరు కూడా పట్టు ఇస్తుంది, ఒప్పుకుంటా. కానీ వాన తక్కువ పడే చోటే మొదటి వాన ప్రమాదం. ఆరేడు నెలల దుమ్ము, లారీల ఆయిలు, అన్నీ రోడ్డు మీద పేరుకుని ఉంటాయి. మొదటి పది నిమిషాల తుంపరకు అది జిగటగా పైకి తేలుతుంది. తాడిపత్రి పక్క వాళ్ళకు ఇంకొకటి ఉంది. బండల పాలిష్ యూనిట్ల నుంచి ట్రాక్టర్లు మోసుకుపోయే తెల్ల బురద రోడ్డు మీద కారుతుంది. ఎండితే సున్నం పొడి, తడిస్తే సబ్బు. దాని మీద బ్రేకు వేస్తే గాట్లున్న టైరుకే దిక్కు లేదు, గుండుకు ఏముంటుంది?

చట్టం ప్రకారం రెండు చక్రాల బండికి గాటు లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. టైరు పక్కన చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. దానికి నేరుగా పైన, గాటు లోపల, చిన్న మెట్టు ఉంటుంది. చుట్టుపక్కల రబ్బరు అరిగి ఆ మెట్టుకు సమానమైందంటే అయిపోయింది. నేనైతే అంతదాకా ఆగొద్దంటా.

ఏ రకం గాట్లు అన్నది మీరు తిరిగే దారిని బట్టి. ముందర నిలువు గీతల టైరు తారురోడ్డుకు బాగుంటుంది, హ్యాండిలు తేలిగ్గా తిరుగుతుంది. తోటలకు, చేన్లకు పోయే వాళ్ళకు, ముఖ్యంగా తాడిపత్రి, గుత్తి పక్క నల్లరేగడిలో తిరిగే వాళ్ళకు గీతల టైరు పనికిరాదు. రెండు వానలకు గీతల్లో మట్టి నిండిపోయి చక్రం నున్నగా తయారవుతుంది. వాళ్ళకు విడివిడిగా బటన్లుండే టైరు మంచిది. అట్లాగని ఊర్లో తిరిగే పిల్లలు సోకుకు పెద్ద పెద్ద బటన్లవి వేయించుకుంటున్నారు. తారు మీద అది గుయ్యిమని అరుస్తుంది, త్వరగా అరుగుతుంది, బ్రేకుకు జారుతుంది. ఎర్రనేల పొలం దారికైతే మామూలు టైరే చాలు.

హైవే మీదే రోజూ పోయి వచ్చే వాళ్ళ టైరు నడిమిన మాత్రమే అరిగి చదునైపోతుంది. నేరుగా పోయినంత సేపు తెలియదు. ఆ బండితోనే ఒకరోజు కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కారనుకోండి. మలుపులో బండి వంచగానే చదును అంచు మీదికి ఎక్కి ఒక్కసారిగా పక్కకు పడబోయినట్టు అవుతుంది. గాట్లు ఇంకా ఉన్నా ఆ టైరు మార్చాల్సిందే.

ముల్లు సంగతి చెప్పకుండా పోతే మన జిల్లావాణ్ణి కాను. సర్కారు కంప ముల్లు చెప్పు దాటి కాలికి దిగుతుంది, టైరు ఎంత? ట్యూబ్‌లెస్ టైరుకు ముల్లు దిగితే గాలి నిదానంగా పోతుంది, ఇల్లు చేరుకోవచ్చు. ట్యూబు టైరుకు దిగితే అక్కడికక్కడే కూర్చోవాలి. కాబట్టి అల్లాయ్ చక్రం ఉండి, రిమ్ము ట్యూబ్‌లెస్‌కు తగినదైతే, రెండో ఆలోచన లేకుండా ట్యూబ్‌లెస్ వేయించుకోండి. వాల్వు కూడా కొత్తది వేయమనండి, పాత వాల్వు రబ్బరు ఎండి అక్కడే గాలి కారుతుంది. పంచర్ గాట్ల భాగంలో పడితే వేయొచ్చు. పక్కన పడితే వేయించవద్దు, ఎవరు వేస్తామన్నా. పుల్లల చక్రం, అంటే స్పోకులుండే బండికి ట్యూబు తప్పదు. ఒక్కో పుల్ల దగ్గర రిమ్ముకు రంధ్రం ఉంటుంది, గాలి నిలవదు. కొత్త టైరుతో పాటు కొత్త ట్యూబు, లోపల రిమ్ము మీద చుట్టే రబ్బరు పట్టీ కూడా మార్చండి. టైరుకు రెండు వేలు పెట్టి ట్యూబు దగ్గర పిసినారితనం చేసేవాళ్ళే ఎక్కువ.

ఇంక అడగండి.

(ఒక విద్యార్థి: అన్నా, లావు టైరు వేస్తే గ్రిప్ పెరుగుతుంది కదా?)

బండి చూడ్డానికి బాగుంటుంది తమ్ముడూ, అందులో అబద్ధం లేదు. కానీ రిమ్ము వెడల్పు మారదు కదా. సన్నటి రిమ్ములో లావు టైరు కూర్చోబెడితే రెండు పక్కలూ లోపలికి నొక్కుకుని నడిమి భాగం ఉబ్బుతుంది. రోడ్డుకు తాకేది అనుకున్నంత పెరగదు. చెయిన్‌కో మడ్‌గార్డుకో రాసుకుంటుంది, మైలేజీ తగ్గుతుంది, బండి వంచాలంటే బరువనిపిస్తుంది. తప్పదంటే కంపెనీ అదే మోడల్ పై రకానికి ఇచ్చే సైజు దాకా పోవచ్చు, రిమ్ము కూడా అదే అయితేనే. అట్లాగే, సైజు నడుమ ఆర్ అని ఉంటే అది రేడియల్, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు నేరుగా వేసిన రకం. కంపెనీ వేసిన చోట రేడియలే వేయండి, వేయని చోట మీరు ప్రయోగాలు చేయకండి.

(డెలివరీ పని చేసే యువకుడు: నాకు వెనక టైరు మాటిమాటికీ పోతోందన్నా. ఏ కంపెనీది వేయాల?)

ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్, అపోలో, జేకే, ఏదైనా సరే, వందసీసీ బండికి నువ్వు పట్టి చూసి తేడా చెప్పలేవు. నేనూ చెప్పలేను. ఒకే కంపెనీలో మెత్తటి రబ్బరుది, గట్టి రబ్బరుది అని వేరే వేరే రకాలుంటాయి. మెత్తనిది బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. నీకు ఎక్కువ కిలోమీటర్లు ఇచ్చే గట్టి రకం అడుగు. ఒకటి చెప్పు, బ్రేకు ఏది ఎక్కువ వాడతావు? కాలుదేనా? అదీ సంగతి. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది, బండిని ఆపేది ముందు చక్రమే. నువ్వు కాలుతో ఒత్తి వెనక చక్రాన్ని రోడ్డు మీద ఈడుస్తున్నావు. రెండూ కలిపి పట్టు. ఇంకో మాట, వెనక సగం అరిగినదాన్ని ముందుకు మార్చి కొత్తది వెనక వేయించుకునే అలవాటు మనవాళ్ళకుంది. ఆపేది ముందు చక్రమైనప్పుడు పాతది ముందుకు వేయడం ఏం తెలివి? పైగా టైరు మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది, ముందుకు ఒకటి, వెనకకు ఒకటి. దాన్ని పట్టించుకోకుండా ఎక్కించేస్తారు.

(ఒక పెద్దాయన: నైట్రోజన్ గాలి కొట్టిస్తే మంచిదంటారు, నిజమేనా?)

మామూలు గాలిలోనే నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు నైట్రోజన్ ఉంది సామీ. ఉచితంగా కొడితే కొట్టించుకోండి. డబ్బులు పెట్టి వద్దు. ఆ డబ్బుతో ఒక గాలి కాంటా కొనుక్కోండి.

ధర మాట కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైరు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా పదిహేను వందల టైరు ముందు 1,920 పడేది, ఇప్పుడు 1,770. బిల్లు అడగండి. పక్కన ఉబ్బు వచ్చి అది తయారీ లోపమైతే కంపెనీ మార్చి ఇస్తుంది, కానీ బిల్లు లేకుండా మేమేమీ చేయలేం. ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడండి. కొన్ని టైర్ల పక్కన చిన్న పసుపు చుక్క ఉంటుంది, టైరులో తేలికైన చోటు అది. దాన్ని వాల్వు దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టమనండి. కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది, మొదటి నూట యాభై కిలోమీటర్లు వంకర్లు పోకుండా, గట్టి బ్రేకులు వేయకుండా నిదానంగా నడపండి.

పాత టైరు ఊరికే అంగట్లో వదిలి రావద్దు. మెషీనుతో గాట్లు కొత్తగా కోసి, నల్ల పాలిష్ కొట్టి, సెకండ్ హ్యాండ్ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. కోసిన గాటు కింద దారాలు తప్ప రబ్బరు ఉండదు, దాన్ని కొనేది మీకంటే డబ్బు తక్కువున్నవాడే. వదిలేటట్టయితే మీ కళ్ళెదురుగా పక్క భాగం కత్తితో కోయించి వదలండి.